రైట్ అంటే కుడి కాదు

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉక్కపోత, ఆ తర్వాత అవమానం. ఇంటరు పరీక్షలు అయిపోయి, ఫలితాలు ఇంకా రాని ఆ రెండు నెలల్లో మనిషికి ఒక విచిత్రమైన హోదా ఉంటుంది. ఏ పని చెప్పాలన్నా 'ఖాళీగానే ఉన్నావుగా' అంటారు, ఏ మాట మాట్లాడబోయినా 'ముందు రిజల్ట్స్ రానీ' అంటారు. అలాంటి కాలంలో నేను ఒక కొండను జయించాలని సంకల్పించాను. మాది కొవ్వూరు. మా ఊళ్లో నాకు అందుబాటులో ఉన్న ఎత్తైన ప్రదేశం గోదావరి గట్టు, దాన్ని మేకలు కూడా రోజూ జయిస్తున్నాయి. కాబట్టి కొండను కంప్యూటర్లో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ కంప్యూటరు రెండు వీధుల అవతల మా మావయ్య ఇంట్లో ఉండేది. నిజానికి అది మావయ్య కూతురిది. తను కాకినాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి, దాని మీద అత్తయ్య తన చేత్తో అల్లిన లేసు గుడ్డ కప్పి, పూజగదికి తక్కువ, టీవీకి ఎక్కువ అన్నంత గౌరవంగా చూసుకునేది. నేను ఆ గుడ్డ తీసి మడతపెట్టి కార్ల రేసు ఆడేవాణ్ణి. మొత్తం పన్నెండు ట్రాకులు. పదకొండు గెలిచాను. పన్నెండోది కొండ మీద నుంచి కిందికి దిగే దారి: పద్నాలుగు మలుపులు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, నాలుగు నిమిషాల గడువు. నేను ఏడో మలుపు దగ్గర లోయలో పడేవాణ్ణి. పొద్దున ఆడినా ఏడో మలుపే, సాయంత్రం ఆడినా ఏడో మలుపే. కారు గాల్లో మూడు పల్టీలు కొట్టాక, ఓడిపోయావని తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చేవి. (ఆ సంగతి అప్పటికే నాకు తెలిసి ఉండేది కాబట్టి అంత పెద్ద అక్షరాలు అనవసరం.) వైజాగ్ నుంచి సెలవులకు వచ్చిన పక్కింటివాడు ఆ ట్రాకును రెండో రోజే గెలిచేసి, "మీ గోదావరోళ్లకి కొండలెందుకురా, పడవల గేమేదైనా ఉంటే చూస్కో" అని నా భుజం తట్టి మరీ వెళ్లాడు.

కంప్యూటరున్న గదిలోనే, కిటికీ పక్కన ప్లాస్టిక్ నవారు కుర్చీలో, మధ్యాహ్నం మూడింటి నుంచి మావయ్య కూర్చునేవాడు. అమ్మకు అన్న. ఇరవై ఆరేళ్లుగా బస్సు డ్రైవరు, అందులో పదిహేనేళ్లు రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్లే బస్సు ఆయనదే. అప్పటికి ఆరు నెలల క్రితం షుగరు వల్ల చూపు మందగించిందని కంటి పరీక్షలో తప్పించారు. బస్సు తీసేసుకుని, రాజమండ్రి బస్టాండులో మైకు ముందు కూర్చోబెట్టారు. రోజూ పొద్దున పదకొండింటికి తన పాత బస్సునే తన నోటితో పిలవాలి: "భద్రాచలం వెళ్లు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారంపై సిద్ధముగా ఉన్నది." ఆ ఒక్క ప్రకటన దగ్గరే మైకు కీచుమని వణికేదని బస్టాండులో అందరూ చెప్పుకునేవారు. నేను కూడా అది మావయ్య గుండెలోని బాధే అనుకుని చాలా కదిలిపోయాను. తరువాత తెలిసింది, వైరు లూజు.

బాధ మాత్రం నిజమే. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో వెనక సీటులో కూర్చునేవాడు, ముందు కూర్చుంటే ఇంకొకడి డ్రైవింగు చూడాల్సి వస్తుందని. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అత్తయ్య మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టేది, బల్ల మీద పెడితే ఒక్కోసారి ఆయన చెయ్యి గ్లాసు పక్కకు వెళ్తుందని ఆవిడకు తెలుసు. ఆయన మాత్రం తన కళ్లకేమీ కాలేదని, ఆ రోజు నిద్ర చాలక అలా జరిగిందని వాదించి మళ్లీ పరీక్షకు అర్జీ పెట్టుకున్నాడు. ఐదు వారాల తర్వాత, ఒక సోమవారం నాడు కాకినాడలో పరీక్ష. పాసైతే మళ్లీ ఘాట్, లేకపోతే రిటైరయ్యేదాకా మైకు. ఆ ఇంట్లో కేలండరు మీద ఇంకే తేదీకీ విలువ లేదు.

ఒకరోజు నేను ఎప్పటిలాగే లోయలో పడుతుంటే, కిటికీ వైపు తిరిగి కూర్చున్న మనిషి తల తిప్పకుండానే అడిగాడు. "ఏరా అల్లుడూ, ఏ గేర్లో దిగుతున్నావ్?"

"గేర్లుండవు మావయ్యా, దానంతటదే మారిపోద్ది."

"దానంతటదే మారితే ఇంక నువ్వెందుకు అక్కడ?"

(ఇప్పటికీ ఆఫీసులో కొన్ని మీటింగుల మధ్య నాకు ఆ ప్రశ్న గుర్తొస్తుంది.) సెట్టింగుల్లోకి వెళ్లి గేర్లు మన చేతికి తెచ్చుకునే పద్ధతి పెట్టాను. ఆ రోజు నుంచి మావయ్య నా గురువు. ఆయన తెర వైపు చూసేవాడు కాదు, ఇంజను మోత వినేవాడు. "ఏడుస్తోంది, రెండులోకి రా." "ఇప్పుడు నవ్వుతోంది, వదులు." "మలుపులోకి వచ్చాక బ్రేకేసేవాడు డ్రైవరు కాదురా, వాడూ ఓ ప్యాసింజరే. బ్రేకు ముందేసుకో, మలుపులో ఊపిరి తీసుకో." హారన్ కొట్టమనేవాడు. గేములో హారన్ లేదంటే, "హారన్ లేకుండా కొండ మీద రోడ్డేశారా? ఎవడ్రా ఆ ఇంజనీరు?" అని నిజంగానే కోప్పడ్డాడు. ఆయన మాట విన్నందుకు నా వేగం సగానికి తగ్గింది. ఏడో మలుపు దాకా వెళ్లేసరికే నాలుగు నిమిషాలు అయిపోయేవి. పడకుండా ఓడిపోవడమే ఆ వారం నేను సాధించిన ప్రగతి.

కొన్నాళ్లకు కుదిరింది. ఒక మధ్యాహ్నం ఆరు మలుపులూ ముచ్చటగా దిగి, ఏడో దానికి ముందే బ్రేకు వేసి, రెండో గేర్లోకి వచ్చి, జీవితంలో మొదటిసారి ఆ మలుపును మర్యాదగా సమీపించాను. ఇంజను మోత వింటున్న మావయ్యకు ఆనందం ఆగలేదు. కుర్చీలోంచి లేచి, "రైట్! రైట్ రైట్!" అని అరిచాడు. నేను కుడికి తిప్పాను. మలుపు ఎడమకు ఉంది. మూడు పల్టీలు, ఎర్ర అక్షరాలు.

"నువ్వే కదా మావయ్యా రైట్ అన్నావ్!"

"రైట్ అంటే పోనీ అనిరా! ఏ బస్సూ ఎక్కలేదా నువ్వు? కండక్టరు రైట్ అంటే బస్సు కుడి పక్క కాలవలోకి వెళ్లుద్దా? రైట్ అంటే కుడి అని నీకెవడు చెప్పాడు?"

"ఇంగ్లీషువాళ్లు మావయ్యా."

"వాళ్లని కొవ్వూర్లో బస్సెక్కమను, తెలిసొచ్చుద్ది."

వంటింట్లోంచి అత్తయ్య, "ఏవండీ, పిల్లాడి మీద అరుస్తారేంటండి, పడింది కంప్యూటర్లోనే కదండీ" అంది. అంటూనే ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. మావయ్య అరవడం ఆరు నెలల్లో అదే మొదటిసారి. ఆవిడ ఆయన్ను అరవనిచ్చి, వెనక్కి వెళ్లి ఇద్దరికీ ముంజలు వలిచి తెచ్చింది. ముంజల సాక్షిగా మా మధ్య ఒప్పందం కుదిరింది: తిప్పడానికి కుడి, ఎడమ. పోనివ్వడానికి రైట్. ఆపడానికి, మా బస్సుల్లో కండక్టర్లు అనేదే, హోల్డాన్.

మర్నాడు మావయ్య, "ఏదీ, ఓసారి ఇలా ఇవ్వు" అని కీబోర్డు తీసుకున్నాడు. ముందు అన్నీ నేనే చెప్పాల్సి వచ్చింది. తెరకు మరీ దగ్గరగా కూర్చుని, కళ్లు చికిలించి, నా మాట మీద తిప్పేవాడు. "ఎడం మావయ్యా... ఇంకా... రైట్... హోల్డాన్, హోల్డాన్!" నాలుగు రోజులు గడిచేసరికి నేను చెప్పడం తగ్గింది. పెదాలు కదుపుతూ లోపల ఏదో లెక్కపెట్టుకునేవాడు: ఒకటి, రెండు, మూడు, ఎడం, ఒకటి, రెండు, కుడి. పన్నెండో రోజున, నేను లోయలో నలభై సార్లు పడిన ఆ ట్రాకును మావయ్య మూడు నిమిషాల యాభై రెండు సెకన్లలో దిగేశాడు. తెర మీద టపాకాయలు పేలాయి. నేను మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను. (మనస్ఫూర్తిగా అన్నది తరువాత కలిపాను. ఆ క్షణంలో కడుపు మండింది.)

ఆ సంతోషంలోనే ఆయన నాకు తన రహస్యం చెప్పాడు. మొదటి పరీక్షలో తప్పాక, కళ్లజోడు పెట్టె కింద పడిపోయిందన్న వంకతో గోడ మీది అక్షరాల బోర్డు దగ్గరికి వెళ్లి, చదవలేకపోయిన చివరి వరుసను దగ్గర్నుంచి చదివి వచ్చాడట. జేబులోంచి పాత టికెట్టు ముక్క ఒకటి తీశాడు. దాని వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: మ, గ, ర, చ, ద.

"మారేడుమిల్లి, గోకవరం, రంపచోడవరం, చింతూరు, దేవీపట్నం. వరుస తప్పిందిగానీ స్టాపులన్నీ మనవేరా!"

"దేవీపట్నం మీ బస్సు వెళ్లదుగా మావయ్యా?"

"ఆ సంగతి డాక్టరుకేం తెలుసు?"

రోజూ ఆట అయ్యాక నేను కండక్టరులా అడగాలి, ఆయన అప్పజెప్పాలి. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఇంటరు కెమిస్ట్రీ మొత్తం నేను అలాగే గట్టెక్కించాను, కంఠతా పట్టినదానికీ అర్థమైనదానికీ తేడా అడిగినవాడు నాకు అప్పటిదాకా తగల్లేదు. ఇంకోపక్క అత్తయ్య మరిడమ్మ తల్లికి మొక్కుకుంది, పరీక్ష పాసైతే పెద్దాపురం జాతరకు వస్తామని. అమ్మవారికీ నాకూ మధ్య పని అలా పంచుకోబడింది.

శుక్రవారం, అంటే పరీక్షకు మూడు రోజుల ముందు, ఒక కొత్త సంగతి కనిపించింది. పన్నెండో ట్రాకు గెలిచినవాళ్లకు ఆ గేము బహుమానంగా అదే ట్రాకును ఇంకో రకంగా ఇస్తుంది: రోడ్డు మీద మామూలు వాహనాలతో. మావయ్యకు చెప్తే మొహం వెలిగిపోయింది. "ఇప్పుడు కదరా అసలు రోడ్డు! ఖాళీ రోడ్డు మీద ఎవడైనా తోల్తాడు." చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. ఎనిమిది మలుపులు నేను నోరు విప్పకుండానే దిగాడు. తొమ్మిదో మలుపు తిరగ్గానే రోడ్డు మధ్య ఒక తెల్ల లారీ ఆగి ఉంది. మావయ్య వేగం తగ్గించలేదు. నేరుగా వెళ్లి గుద్దాడు.

"ఏంట్రా అది?"

"లారీ మావయ్యా. ఆగిపోయింది."

"మరి కొమ్మలేవి?" అన్నాడు. ఘాట్‌లో లారీ చెడిపోతే, వచ్చేవాళ్లకు ముందే తెలియడానికి వెనకాల రోడ్డు మీద చెట్టు కొమ్మలు విరిచి పరుస్తారు, వాటి పక్కన నాలుగు రాళ్లు పెడతారు. ఆ మర్యాదలన్నీ మావయ్య నాకు ఎప్పుడో చెప్పాడు. కొమ్మలు పచ్చిగా ఉంటే లారీ మలుపు అవతలే ఉన్నట్టు, ఎండిపోయి ఉంటే లారీ వెళ్లిపోయి కొమ్మలు మిగిలిపోయినట్టు. "కొమ్మలు పరవకుండా రోడ్డు మధ్యలో ఆపేసి ఎక్కడికి పోయాడు ఆ వెధవ?"

రెండోసారి ఆడాడు. తొమ్మిదో మలుపు దగ్గర ముందే జాగ్రత్తగా ఆగాడు. అక్కడ లారీ లేదు. నాలుగు మలుపుల కింద ఉంది. గుద్దాడు. మూడోసారి ఐదో మలుపులోనే ఉంది.

"ఒక్కచోట ఉండదేంట్రా ఇది?"

"లారీ మావయ్యా, స్టాపు కాదుగా."

ఆ జోకు నేనే వేశాను. నాకు ఏ గంభీరమైన సందర్భంలోనైనా నోట్లోంచి ముందు జోకు వచ్చేస్తుంది, దాని అర్థం తరువాత వస్తుంది. ఆ రోజు అర్థం రావడానికి పెద్దగా సమయం పట్టలేదు. ఆయన పద్నాలుగు మలుపుల్లో ఒక్కదాన్నీ చూడలేదు. లెక్కపెట్టాడు. ఘాట్ రోడ్డునూ అలాగే లెక్కపెట్టగలడు, పదిహేనేళ్ల అలవాటు. సోమవారం అక్షరాలు అప్పజెప్పగలడు. కదలనివన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

మావయ్య కీబోర్డు మీద నుంచి చేతులు తీశాడు. "నీకు ఎంత దూరం నుంచి కనపడిందిరా?" అన్నాడు, తెర వైపే చూస్తూ.

అబద్ధం చెప్పొచ్చు. నాకూ సరిగ్గా కనపడలేదు మావయ్యా, గేము పాతది, తెర మసక అనొచ్చు. ఆయన నమ్మేవాడు, నమ్మాలని ఉంది కాబట్టి. నాలుక చివర ఒక జోకు కూడా సిద్ధంగానే ఉంది. మొదటిసారి దాన్ని మింగాను.

"మలుపు తిరగ్గానే కనపడింది మావయ్యా. తెల్ల లారీ. వెనక ఎర్ర లైట్లు కూడా వెలుగుతున్నాయి."

"లైట్లు కూడానా?"

"ఊఁ."

ఆయన కీబోర్డును నా వైపు నెట్టేశాడు. నేను, "ఇది కారే కదా మావయ్యా, అందులో ఉంది నువ్వొక్కడివే" అన్నాను.

"అదేరా," అన్నాడు ఆయన. "ఇందులో నేనొక్కణ్ణే."

లేచి, లేసు గుడ్డ తనే తీసుకుని కంప్యూటరు మీద కప్పాడు. గుడ్డ అంచు సరిగ్గా రాలేదు. నేను సర్దబోతే వద్దన్నాడు, వేళ్లతో తడుముకుంటూ తనే సర్దాడు. ఆ శని, ఆదివారాలు ఆట లేదు, అప్పజెప్పడమూ లేదు. అత్తయ్య నన్ను గుమ్మం దగ్గర ఆపి, "ఏమైందిరా, ఏమన్నా అన్నావా మావయ్యని?" అని అడిగింది. "లారీ ఉందన్నాను అత్తయ్యా" అన్నాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "ముందు నీ కళ్లు చూపించుకో" అంది.

సోమవారం కాకినాడకు తోడు నేనే వెళ్లాను. బస్సులో మావయ్య ముందు సీటులో, డ్రైవరు వెనకాలే కూర్చున్నాడు. అది చూసి, మళ్లీ తోలడానికే సిద్ధపడ్డాడేమోనని నాకు భయం వేసింది. ఆస్పత్రిలో నన్ను కూడా లోపలికి రానిచ్చారు. అదే బోర్డు, అదే గోడ. డాక్టరుగారు పుల్లతో పై వరుసలు చూపిస్తూ వచ్చారు. మావయ్య చదివాడు, రెండు అక్షరాలు తప్పాయి. పుల్ల చివరి వరుసకు వచ్చింది. నా పెదాలు వాటంతటవే 'మారేడుమిల్లి' అని కదులుతున్నాయి. మావయ్య గొంతు సవరించుకున్నాడు, మైకు ముందు కూర్చున్నట్టు.

"ఆ వరుస కనపడటం లేదండి," అన్నాడు. ఆగి, ఇరవై ఆరేళ్ల నిజాయితీ ఊరుకోక కాబోలు, "ఏం రాసుందో మాత్రం తెలుసండి. మ, గ, ర, చ, ద" అని కూడా చెప్పేశాడు.

డాక్టరుగారు పుల్ల దించి, "కనపడకుండా ఎలా తెలుసండి?" అన్నారు.

"మా రూటండి. దేవీపట్నం తప్ప."

ఆయన ఏమీ రాయకుండా పెన్ను కింద పెట్టి, "టీ తాగుతారా అండి?" అన్నారు. ఎన్ని పరీక్షలు రాశానో గానీ, తప్పినందుకు టీ ఇచ్చిన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు.

మావయ్య మళ్లీ ఘాట్ ఎక్కలేదు. మర్నాటి నుంచి మైకు దగ్గరికి వెళ్లాడు. ఒక్క మార్పు వచ్చింది. పదకొండు గంటలకు భద్రాచలం బస్సును పిలిచాక, అది కదిలేదాకా ఆగి, చివర్లో ఎవరూ రాసివ్వని మాట ఒకటి కలిపేవాడట: "రైట్." ఆ బస్సు డ్రైవరు కండక్టరు మాట కోసం ఆగేవాడు కాదట, మైకు మాట కోసమే ఆగేవాడట. పైవాళ్లు రెండుసార్లు మెమో ఇచ్చారు. వైరు మాత్రం ఎవరూ బాగుచేయలేదు. అత్తయ్య మొక్కు సంగతి అడిగితే, "పాసవ్వకపోయినా వెళ్దాం, అమ్మవారికి రిజల్ట్స్ అక్కర్లేదులే" అని ఇద్దరూ జాతరకు వెళ్లొచ్చారు.

ఇప్పుడు నాకు కాకినాడలో ఉద్యోగం, పాత కారు ఒకటి. కిందటి నెల మావయ్య అడిగితే మారేడుమిల్లి తీసుకెళ్లాను. పక్క సీటులో కూర్చుని, కళ్లు మూసుకుని ఇంజను మోత వింటూ, "రెండులోకి రా... ఆఁ, నవ్వుతోంది" అంటున్నాడు. ఘాట్ దిగుతుంటే ఒక మలుపు ముందు నేను బ్రేకు వేశాను.

"ఏంట్రా?"

"కొమ్మలు మావయ్యా, రోడ్డు మీద."

"పచ్చివా, ఎండినవా?"

"పచ్చివి."

"అయితే ఉన్నాడు. హోల్డాన్. హారన్ కొట్టు."

హారన్ కొట్టాను. ఈ రోడ్డు వేసిన ఇంజనీరు హారన్ మర్చిపోలేదు. మెల్లగా మలుపు తిరిగితే లారీ నిజంగానే అక్కడ ఉంది, చక్రం విప్పి పక్కన పెట్టుకుని ఇద్దరు మనుషులు టీ తాగుతున్నారు. వాళ్లను దాటి, ఎదురుగా ఖాళీ రోడ్డు కనపడగానే మావయ్యకు చెప్పాను, రోడ్డు ఖాళీ అని. ఆయన కళ్లు తెరవకుండానే డోరు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్" అన్నాడు.

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నా చేతులు స్టీరింగును కుడి వైపు తిప్పబోయాయి. లోపల ఎక్కడో ఆ ఇంటరు కుర్రాడు ఇంకా ఏడో మలుపు దగ్గరే ఉన్నాడు. వాణ్ణి అక్కడే ఉండనిచ్చి, నేను రోడ్డు ఎటు తిరిగిందో అటే, ఎడమకు తిప్పి కిందికి దిగాను.